మూడు పోగుల తాడు

ఆ ఉదయం నేను గెలిచానని అందరూ అన్నారు. గొలుసు నా మెడలోనే మిగిలింది. లాగినవాళ్ళు వట్టి చేతులతో వెళ్ళిపోయారు. అయితే నా కుడి చెయ్యి ఆరు వారాలపాటు భుజం దాటి పైకి లేవలేదు.

నా పని రక్తం తీయడం. పుదుచ్చేరిలో ఒక ల్యాబ్ తరఫున పొద్దున్నే ఇళ్ళకు వెళ్ళి, పరగడుపున ఇవ్వవలసిన శాంపిళ్ళు తీసుకుంటాను. ఐదున్నరకు మొదలుపెడితే ఎనిమిదిలోపు తొమ్మిది పది ఇళ్ళు అవుతాయి. పద్నాలుగేళ్ళుగా ఇదే పని. ఇంకా ఎవరితోనూ మాట్లాడని మనుషులు తలుపు తీసి, మొదటి మాట నాతో ఆడి, చెయ్యి చాస్తారు. రోజులో నాకు నేను పూర్తిగా తెలిసేది ఆ రెండున్నర గంటల్లోనే.

ఆ రోజు సముద్రపు ఒడ్డున జాలర్లుండే వైతికుప్పంలో స్కూటర్ నిలిపి, హెల్మెట్ తీసి, శాంపిల్ పెట్టె పట్టుకొని ఒక ఇంటి నంబరు చూస్తున్నాను. వెనకనుంచి మోటారుసైకిల్ వచ్చింది. వెనక కూర్చున్నవాడు నా పుస్తెల గొలుసు పట్టి లాగాడు. లావుపాటి గొలుసు, తెగలేదు. నా రెండు చేతులూ దానిమీదికి వెళ్ళాయి. వలలు సర్దుకుంటున్నవాళ్ళు దూరంనుంచి “విడాదే, విడాదే” అని అరిచారు. వదలకు అని తమిళం. దొంగను వదలకు అని వాళ్ళ ఉద్దేశం. నేను గొలుసును వదలలేదు. బండి నన్ను నాలుగు గజాలు ఈడ్చింది. తరువాత వాడే వదిలేశాడు.

ఫిర్యాదు ఇచ్చాం. బండి నంబరు ఎవరూ చూడలేదు.

భుజం కుదురుకొని పనికి వెళ్ళిన రోజునుంచి నా భర్త ముకుందన్ తన బండిమీద నా వెంట రావడం మొదలుపెట్టాడు. అతను మా మేనమామ కొడుకు. పెళ్ళికి ముందూ తరువాతా నాకు బావే. బాహూరులో విత్తనాలు, ఎరువుల కొట్టు నడుపుతాడు. నేను ఒక ఇంట్లోకి వెళితే వీధి మొదట్లో నిలబడేవాడు. నేను కదిలితే కదిలేవాడు. నా వెనక ఎప్పుడూ ఒక ఇంజను చప్పుడు ఉండేది. అది దొంగ చప్పుడో భర్త చప్పుడో నా భుజానికి తేడా తెలియలేదు.

పదోరోజు లీలమ్మగారికి సూది గుచ్చితే నరం దొరకలేదు. ఆమెకు ఎనభై మూడేళ్ళు, నెలకోసారి ఆమె చెయ్యి పట్టుకుంటాను. ఆ నరాలు నాకు వీధుల్లాగ తెలుసు. రెండోసారి గుచ్చవలసి వచ్చింది.

“ఏమ్మా సుధా, ఈపొద్దు నీ చెయ్యి నీ దగ్గర లేదే” అన్నారామె. “యాడ పెట్టొచ్చినావు?”

ఆ మాట ఇంటికి వచ్చి ముకుందన్‌తో చెప్పాను. వెంట రావద్దని కూడా చెప్పాను.

“సరే, ఏదన్నా ఒక విద్య నేర్చుకో” అన్నాడు. “ఒకడు వెనకనుంచి వస్తే నువ్వు చూసుకుంటావని నాకు తోచినరోజు నేను మానుకుంటా. రెండు నెలలు. ఆలోగా కాకుంటే ల్యాబ్‌లోనే కూర్చో. కౌంటర్లో మనిషి కావాలని వాళ్ళు ముందే అడిగినారు కదా.”

కౌంటర్ అంటే గాజు పలక వెనక కుర్చీ. అక్కడ పేర్లు రాసుకోవాలి, చేతులు పట్టుకోనవసరం లేదు. నేను ఒప్పుకున్నాను.

ఏ విద్య మంచిదని అడిగితే ప్రతివాడూ తన విద్య మంచిదంటాడు. అందుకని ఆ ప్రశ్న మానేసి, ఒకే సంఘటన పట్టుకొని తిరిగాను: వెనకనుంచి మోటారుసైకిల్ వస్తుంది, ఒకడు మెడలో గొలుసు లాగుతాడు, అప్పుడు నేనేం చెయ్యాలి?

కరాటే నేర్పేచోట జవాబుగా ఒక కాగితం ఇచ్చారు. ఏ రంగు బెల్టుకు ఎన్ని నెలలో అందులో ఉంది.

కిక్‌బాక్సింగ్ జిమ్ నడిపే విమల్‌కు ముప్పై ఏళ్ళుంటాయి. ఓపికగా విన్నాడు. “ముందు ఆర్నెల్లు బలం తెచ్చుకోవాలక్కా. ఆ తరువాత మీరు ఒక్కటి ఇచ్చినారంటే...”

“వాడు బండిమీద ఉంటాడు తంబీ.”

“బండిమీద ఉన్నోణ్ణి...” అని ఆగి, గోడకు వేలాడే ఇసుక సంచీని చూస్తూ ఆలోచించాడు. “బండిమీద ఉన్నోణ్ణి కొట్టేది కష్టమక్కా. అబద్ధం చెప్పకూడదు.”

అతనిమీద నాకు గౌరవం కలిగింది. కాని నాకు కావలసింది అక్కడ లేదు.

సోలై నగర్‌లో దొరైస్వామిగారు సాయంత్రం పూట ఇసుకలో కర్రసాము నేర్పుతారు. డెబ్బై ఏళ్ళ మనిషి. మొన్నమొన్నటిదాకా సముద్రంమీద చేపల వేటకు వెళ్ళినవారు. నా ప్రశ్న విని, “ఆ టైముకు చేతిలో ఏముంటుంది?” అన్నారు.

“శాంపిల్ పెట్టె.”

“కర్ర?”

“లేదు.”

“మరి నా కాడికెందుకొచ్చినావు తల్లీ? నేను కర్రకు మాస్టర్ని. పెట్టెకు కాదు.” తరువాత నవ్వు ఆపి, కర్ర కొనతో తనచుట్టూ ఇసుకలో గుండ్రంగా ఒక గీత గీశారు. “దీన్ని దాటి ఎవరూ లోపలికి రాకుండా చూసుకునేది నా విద్య. వెనకనుంచి వచ్చేవాడు నువ్వు చూసేలోపలే గీత దాటేసినాడు. దాటినోడికి నా దగ్గర మందు లేదు. లోగనాయకిని చూడు. ఆమె ఎప్పుడూ దాటినోళ్ళతోనే పెనుగులాడుతుంటుంది.”

లోగనాయకి ఒక బడిలో వ్యాయామ ఉపాధ్యాయురాలు. శని, ఆదివారాలు సాయంత్రం ఒక హాల్లో మ్యాట్లు పరిచి జూడో నేర్పుతారు. యాభై దాటిన, నెమ్మదిగా మాట్లాడే మనిషి. నా ప్రశ్నకు జవాబు చెప్పలేదు. తానే ఇంకొకటి అడిగారు.

“భుజం ఎప్పుడు పోయింది? వాడు లాగినప్పుడా, మీరు కిందపడినప్పుడా?”

అంతవరకూ నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. డాక్టరు కూడా ఎక్కడ నొప్పి అన్నాడు గాని ఎప్పుడని అడగలేదు. నేను ఆ నాలుగు గజాలనూ మళ్ళీ తలచుకోవలసి వచ్చింది.

“నేను పట్టుకొని ఉన్నప్పుడు” అన్నాను.

ఆమె తల ఊపి, శనివారం రమ్మన్నారు.

మొదటి నాలుగు వారాలు పడటమే నేర్పారు. ఎడమవైపుకు, వెనక్కు, తరువాత జాగ్రత్తగా కుడివైపుకు. గడ్డం గుండెకు ఆనించాలి. చెయ్యి చాచి నేలను ఆపబోకూడదు. మొత్తం ముంజేతితో మ్యాట్‌ను చరచాలి. లేచేటప్పుడు చేతులమీద ఆనుకోకుండా మోకాలిమీద లేవాలి.

“పడేదానికి క్లాసెందుకు?” అన్నాడు ముకుందన్. “అది నీకు ముందే వచ్చు గదా.”

నేను ఇంట్లో సాధన చేస్తుంటే మా అత్త వసంతమ్మ గడపమీద కూర్చొని బియ్యంలో రాళ్ళు ఏరుతూ చూసేది. “నలభై ఏళ్ళొచ్చి పొర్లుదండాలు పెడతా వుండావు. ఏ సామికి మొక్కుకున్నావో చెప్పు, నేనూ వస్తా.”

“నువ్వు పడితే లేపేదెవరత్తా?”

“అదీ నిజమే” అని మళ్ళీ చేటలోకి చూసేది.

ఐదో వారం లోగనాయకి నా గొలుసును అంగీ లోపలికి వేయించి, జూడో అంగీకి కట్టే దళసరి నడుంపట్టీని నా మెడచుట్టూ వదులుగా వేశారు. వెనక నిలబడ్డారు. “నేను లాగుతాను. మీరు లాగినవైపే ఒక అడుగు వేసి, పక్కకు తిరిగి, పట్టీని పోనివ్వండి. అంతే.”

లాగారు. నా చేతులు పట్టీమీద ఉన్నాయి.

“విడు” అన్నారామె.

మళ్ళీ లాగారు. మళ్ళీ నా చేతులు మెడ దగ్గరికే వెళ్ళాయి. పదకొండుసార్లు లాగితే పదకొండుసార్లూ అంతే. నాకు ముందే తెలుసు, ఆమె లాగబోతున్నారు. అది గొలుసు కాదు, బట్ట. లాగేది దొంగ కాదు. ఇంత తెలిసినా చేతులు వెళ్ళాయి. తెలియడం తలలో ఉంది, పట్టుకోవడం వేళ్ళలో ఉంది. ఆ రెంటికీ పరిచయం లేదు.

లోగనాయకి పట్టీ మడిచి కింద పెట్టారు. “చెయ్యి పోయినచోటికి ఒళ్ళు కూడా పోతుంది. మీ భుజం పోయింది అందుకే. పట్టు నేర్పేముందు నేను విడుపు నేర్పుతాను. మీకు ఆ విడుపు రావడం లేదు. మీ మెడలో ఉన్నది తెగని వస్తువు. తెగనిదానికి మనిషి కట్టుబడి ఉంటే ఏ విద్యా పనికిరాదు. కరాటే కాదు, నా జూడో కూడా కాదు.”

“అది తాళి, టీచర్.”

“తెలుసు” అన్నారామె. తన మెడలోనిది అంగీ లోపలినుంచి తీసి చూపించారు. పల్చటి పసుపు తాడు. “నాదీ తాళే.”

ఆ రాత్రి ఆమె మాటకంటె నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఒక పదం. ఆత్మరక్షణ అంటాం. రక్షణ గురించి నాలుగు చోట్ల అడిగాను. ఆత్మ గురించి ఒక్కచోటా అడగలేదు. వైతికుప్పంలో ఆ నాలుగు గజాలలో నేను కాపాడుకున్నది ఏమిటి? బంగారమా అంటే, కాదు. బంగారమంటే నాకు అంత మోజు లేదు. భర్తనా? అతను ఆ సమయంలో ఇంట్లో నిద్రపోతున్నాడు, క్షేమంగా. నన్ను నేను కాపాడుకున్నానా? నన్ను ఈడ్పించుకున్నాను. చివరికి తోచిన జవాబు చిన్నది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉండేది. ‘గొలుసు పోయింది’ అని ఇంట్లో చెప్పవలసి వచ్చే ఆ ఒక్క వాక్యంనుంచి నన్ను నేను కాపాడుకున్నాను. ఒక వాక్యానికి బదులు ఒక భుజం ఇచ్చాను.

మరునాడు వంటింట్లో అత్తతో చెప్పాను. “అత్తా, పొద్దున పనికి పోయేటప్పుడు గొలుసు వద్దు. పసుపు తాడు కట్టుకుంటా.”

ఆమె పోపు గరిటె ఆపింది. ముకుందన్ కొట్టుకు బయలుదేరుతూ విన్నాడు.

“నేను నిన్ను కొట్టేది నేర్చుకోమన్నా” అన్నాడు. “తాళి తీసెయ్యమన్లా.”

“తియ్యడం లేదు బావా. తెగేది కట్టుకుంటున్నా.”

“తెగడం అనకే” అంది అత్త వెంటనే. “పెరగడం అను.”

మా ఇళ్ళలో తాళి తెగిందని నోటితో అనరు. గాజు చిట్లినా, తాడు తెగినా ‘పెరిగింది’ అంటారు. చిన్నప్పటినుంచి వింటున్న మాటే. భయానికి తొడిగిన చొక్కా అనుకొని నేను దాన్ని ఎప్పుడూ విప్పి చూడలేదు.

“ఏమన్నా ఒకటే” అన్నాడు ముకుందన్. “ఒకడు లాగితే వచ్చేసేదాన్ని కట్టుకొని వీధుల్లో తిరుగుతుందంట. దీన్ని ఎవరన్నా విద్య అంటారా?”

అత్త పొయ్యి ఆర్పి, పీట లాక్కొని కూర్చుంది. “నాకు పెళ్ళైన కొత్తలో గొలుసు యాడుందిరా? బాహూరులో నాటు వేసే రోజులు. పొద్దుగుంకేదాకా బురదలోనే. నానిన తాడు ఎన్నాళ్ళుంటుంది? నాకు నాలుగుసార్లు పెరిగింది. గట్టుమీద కూర్చొని, ఇంకో దారానికి పసుపుకొమ్ము కట్టి మెళ్ళో వేసుకొని మళ్ళీ దిగేదాన్ని. పడిపోయిన పుస్తెలు ఆడే బురదలో వంగి వెతుక్కునేది. ఒకటి దొరక్కుండా కూడా పోయింది.”

“మరి అవ్వ ఏమన్లా?” అన్నాడు ముకుందన్.

“ఏమంటుంది? నాటు ఆగకూడదు అనింది.” కొంచెం ఆగి, “మీ నాయనకేమైంది? ఇప్పటికీ కూరలో ఉప్పు తక్కువైతే వీధి చివరిదాకా వినపడేటట్టు అరుస్తాడు” అంది.

ముకుందన్‌కు నవ్వు వచ్చింది గాని నవ్వలేదు. హెల్మెట్ తీసుకొని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం అత్త నూలు తీసింది. మామూలుగా పుస్తెలతాటికి తొమ్మిది పోగులు పేనుతారు. ఆమె తొమ్మిదితో పేని, రెండు చేతులతో లాగి చూసి, పక్కన పడేసింది. ఆరుతో పేనింది; అదీ గట్టిగానే ఉంది. మూడు పోగులతో పేని, పసుపు రాసి, చూపుడు వేళ్ళకు చుట్టి చటుక్కున లాగింది. రెండు ముక్కలైంది. “ఇదీ” అంది తృప్తిగా, మిరపనారు లేతగా ఉందో లేదో చూసుకున్నదానిలాగ. రెండు పుస్తెలూ గొలుసుతో సహా దేవుడి గూట్లో పెట్టించి, కొత్త తాటికి ఒక చిన్న పసుపుకొమ్ము కట్టి నా మెడలో వేసింది.

విషయం విని లోగనాయకి అన్నారు: “ఇప్పుడు ఆయన్ని తీసుకురండి. ఒప్పుకోవలసింది ఆయనే కదా.”

శనివారం ముకుందన్ వచ్చాడు. చెప్పులు విప్పి మ్యాట్‌మీద మొహమాటంగా నిలబడ్డాడు. హాల్లో ఎదుటి గోడకు పెద్ద అద్దం ఉంది. వెనక నిలబడిన అతని ముఖం నాకు అందులో కనబడుతూనే ఉంది.

“లాగండి సార్” అన్నారు లోగనాయకి.

“ఇది కాకుండా వేరే ఏదన్నా అయితే లాగుతా. తువ్వాలు తెచ్చినా.”

“దొంగ అట్లా అడగడు కదా సార్.”

అతను తాటిని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు, కాలుతుందేమోనని వేడి గిన్నెను పట్టుకున్నట్టు. కొంచెం లాగాడు. తాడు తెగలేదు, నా కుడి చెయ్యి సగందాకా లేచి ఆగింది.

“మీకు ఎంత బలముందో అంతా పెట్టండి” అన్నారామె. “మీరు మెల్లగా లాగితే ఆమె రేపు మిమ్మల్ని నమ్ముకొని వీధిలోకి పోతుంది. అది తప్పు.”

అద్దంలో అతను కళ్ళు మూసుకోవడం చూశాను. నేనూ మూసుకున్నాను, అద్దం చూసి సిద్ధం కాకూడదని.

లాగాడు. మెడమీద సన్నటి మంట. నా చేతులు ఎక్కడ ఉన్నాయో నేను ఆ క్షణంలో చూసుకోలేదు. తరువాత లోగనాయకి చెప్పారు, అవి నడుం దగ్గరే ఉన్నాయని. ఒళ్ళు లాగినవైపు తిరిగింది, ఎడమవైపు పడింది, ముంజెయ్యి మ్యాట్‌ను చరిచింది, మోకాలిమీద లేచాను. లేచాక అరవాలి, ఏమని అరవాలో ముందే అనుకున్నాం. తెలుగులోనూ తమిళంలోనూ ఒకటే అయిన మాట.

“పో!”

ముకుందన్ వెనక్కు రెండడుగులు తూలి, గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. అతని గుప్పిట్లో తాడు వేలాడుతోంది. పసుపుకొమ్ము దొర్లి మ్యాట్ అంచున పడింది.

“దెబ్బ తగిలిందా?” అన్నాడు.

“లేదు. నీకు?”

“నేనే పడబోయినా.” చేతిలోని తాటివంక చూసుకున్నాడు. “నువ్వు పట్టుకోలేదు. పట్టుకుంటావని అంత బలంగా లాగినా. అవతల ఏమీ లేకపోయేసరికి...” మిగతాది చేత్తో చూపించాడు, గాలిలో ఊగిపోయినట్టు.

“అదే సార్ జూడో” అన్నారు లోగనాయకి. “మూడేళ్ళకు చెప్పవలసింది మీరు మూడు నిమిషాల్లో చెప్పేసినారు.” తరువాత నావైపు తిరిగి మామూలు గొంతుతో, “తాడు వాడికి పోయాక అక్కడ నిలబడకండి. బండి పోయేవైపు కాకుండా దగ్గరి గేటువైపు పొండి. పెట్టె కూడా లాగితే పెట్టె కూడా ఇచ్చెయ్యండి. వచ్చే వారం కుడివైపు పడటం మళ్ళీ చూడాలి” అన్నారు.

ఇంటికి వచ్చేసరికి అత్త గడపలో ఉంది.

“అత్తా, తాడు పెరిగింది” అన్నాను.

ఆ వాక్యం నా నోటినుంచి బరువు లేకుండా వచ్చింది. అలాంటి వాక్యంనుంచి పారిపోవడానికే కదా నేను నాలుగు గజాలు ఈడ్పించుకున్నది.

ఆమె ముందు నా మెడ చూసింది, తరువాత భుజం. “ఎవరు లాగినారు?”

“బావే.”

“వీడా?” కొడుకును పైనుంచి కిందికి చూసింది. “మూడు ముళ్ళు వేసేదానికే చేతులు వణికినోడు. తెంపేదానికి మాత్రం బలమొచ్చిందే.”

“తెంపేది అనకూడదమ్మా” అన్నాడు ముకుందన్. “పెంచేది అను.”

అత్త లోపలికి వెళ్ళింది. వంటింటి గోడకు క్యాలెండర్ వేసిన మేకుకే పసుపు రాసిన తాళ్ళు వేలాడుతున్నాయి, మూడు పోగులవి, ఏడో ఎనిమిదో. మేము లేనప్పుడు పేనినట్టుంది. ఒకటి తీసి కొమ్ము కట్టి ముకుందన్ చేతికి ఇచ్చింది. అతను నా మెడలో కట్టాడు. ఒకే ముడి వేశాడు, గట్టిగా బిగించలేదు.

సోమవారం ఐదున్నరకు అతను గేటుదాకా వచ్చి ఆగాడు. బండి తాళం చేతిలో లేదు. “ఎనిమిదికి ఫోన్ చెయ్యి” అన్నాడు. సరే అన్నాను.

జూడో నాకు వచ్చిందని చెప్పలేను. ఒక మనిషిని ఎత్తి పడేయడం నాకు ఇంకా తెలియదు. బహుశా ఎప్పటికీ రాదు. భయం పోయిందని కూడా చెప్పను. లీలమ్మగారి వీధిలో స్కూటర్ నిలిపినప్పుడు వెనకనుంచి ఒక మోటారుసైకిల్ వచ్చింది. నా భుజం దానంతట అది కొంచెం పైకి లేచింది. పాలవాడు, క్యాన్ల చప్పుడుతో దాటిపోయాడు. చూసుకుంటే నా రెండు చేతులూ శాంపిల్ పెట్టెమీదనే ఉన్నాయి.

లీలమ్మగారు చెయ్యి చాచారు. రబ్బరు పట్టీ కట్టి, నరం తడిమి, సూది పెట్టాను. రక్తం మొదటిసారే వచ్చింది.

“ఈపొద్దు చెయ్యి తెచ్చుకున్నావే” అన్నారామె. తరువాత నా మెడవైపు చూశారు. “గొలుసేదమ్మా?”

“ఇంట్లో ఉంది” అన్నాను. సూది తీసి, దూది అదిమి, ఆమె వేలిని దానిమీద పెట్టాను. “రెండు నిమిషాలు పట్టుకోండి. ఆపైన వదిలెయ్యొచ్చు.”